వలెన్సియాలో నాలుగు రాత్రులు: కాలువ నీరు, వరి చేను, మధ్యాహ్న భోజనం

వలెన్సియా పక్కనున్న ఎల్ పాల్మార్ ఊరి మొదట్లో బస్సు దిగి గట్టు వెంట పది అడుగులు వేశామో లేదో, అమ్మ ఆగిపోయి, దారి మీదికి వాలి ఉన్న ఒక వరి కంకిని అరచేతిలోకి తీసుకుంది. ఒక గింజను గోటితో నొక్కి చూసి, "కోతకు వచ్చేసిందిరా, కానీ గింజ మరీ పొట్టిగా, గుండ్రంగా ఉందేమిటి?" అన్నది. కనుచూపు మేర పండిన చేలు, వాటి నడుమ సన్నని పంటకాలువలు, గట్ల మీద కదలక నిలబడిన తెల్లకొంగలు, దూరంగా ఒక మడిని చుట్టి వస్తున్న కోతయంత్రం. పశ్చిమ గోదావరి జిల్లాలో శివారు భూములకు నీరందించుకోవడం కోసం ఏళ్ల తరబడి కాలువ గట్ల మీద తిరిగిన మనిషి ఆవిడ. ఐరోపాలో తనకు తెలిసిన లోకం ఒకటి ఎదురవుతుందని ఆవిడ అనుకోలేదు. అక్కడికి తీసుకువెళ్లే దాకా నేనూ అనుకోలేదు.

నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ మూడు నెలల వీసా మీద నా దగ్గరికి వచ్చినప్పుడు, సెప్టెంబరులో ఒక బుధవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఇద్దరం స్పెయిన్‌లోని వలెన్సియాకు వెళ్లి వచ్చాం. బార్సిలోనా, మాడ్రిడ్ నేను అంతకు ముందే చూసి ఉన్నాను. వాటితో పోల్చి నా అభిప్రాయం ముందే చెబుతాను: అన్నం తినే మనిషికీ, కాలువ కింద సేద్యం తెలిసిన మనిషికీ నేను చూసిన స్పెయిన్ నగరాల్లో ఇంత దగ్గరగా అనిపించినది మరొకటి లేదు. అయితే ఈ ఊరిని ఆస్వాదించాలంటే ఒక సంగతిని మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ రోజుకు కేంద్రం మధ్యాహ్న భోజనం. చూడవలసినవన్నీ దానికి ముందో వెనకో సర్దుకోవాలే తప్ప, చూసినన్ని చూసి మిగిలిన వేళలో ఏదో ఒకటి తిందామనుకుంటే మంచి భోజనం దొరకదు, ఊరూ సరిగా అర్థం కాదు.

ఈ సంగతి మాకు మొదటి రాత్రే తెలిసివచ్చింది. విమానాశ్రయం నుంచి మెట్రో 3వ లైను గానీ 5వ లైను గానీ ఎక్కితే అరగంట లోపే ఊరి నడిబొడ్డుకు చేరవచ్చు. మేము సామాను గదిలో పెట్టి, ఆకలి మీద, ప్రధాన చర్చి పక్కనున్న చౌకులో, వాకిట్లోనే వంటకాల ఫోటోల బోర్డులు నిలబెట్టిన ఒక హోటల్లో కూర్చున్నాం. రాత్రి తొమ్మిది గంటలకు ఆ ఊరికి పేరు తెచ్చిన అన్నం వంటకం పాయేయా అడిగితే పన్నెండు నిమిషాల్లో వచ్చింది. గాఢమైన పసుపు రంగు, ముద్దకట్టిన అన్నం, దాని మీద విడిగా ఉడికించి పేర్చిన రొయ్యలు. అమ్మ రెండు చెంచాలు తిని, "పొద్దున వండినది మళ్లీ వేడి చేశారు" అని పక్కన పెట్టేసింది. అన్నం విషయంలో ఆవిడ తీర్పు తప్పడం నేను ఎరగను. ఆ ఊరివాళ్లు రాత్రిపూట పాయేయా తినరనీ, అది మధ్యాహ్నం రెండింటికి కూర్చుని తినే వంటకమనీ, అప్పటికప్పుడు వండితే కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుందనీ నేను ముందే చదివి ఉండి కూడా ఆకలికి లొంగినందుకు ఆ రాత్రి నలభై యూరోలు వృథా అయ్యాయి. మీరు వెళితే ఈ మూడు గుర్తులు పెట్టుకోండి: వాకిట్లో ఫోటోల బోర్డు, రాత్రివేళ పాయేయా, పావుగంటలో వచ్చే పళ్లెం. ఈ మూడింటిలో ఏది కనిపించినా లేచి వచ్చేయడం మేలు.

మరునాడు గురువారం. మా ప్రయాణం గురువారం కలిసివచ్చేలా నేను కావాలనే పెట్టుకున్నాను, ఎందుకంటే వలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, ప్రధాన చర్చి అపోస్తలుల ద్వారం ముందు, జలన్యాయస్థానం కొలువుదీరుతుంది. తురియా నది నుంచి ఊరి చుట్టూ ఉన్న తోటలకు నీరు తీసుకుపోయే ఎనిమిది పెద్ద కాలువలకు ఎనిమిది మంది పెద్దలు ఉంటారు. వారిని ఎన్నుకునేది ఆయా కాలువల కింది రైతులే. మిగెలెత్ గంటస్తంభం పన్నెండు కొట్టగానే ఆ ఎనిమిది మంది నల్లని చొక్కాలతో వచ్చి, చుట్టూ కటకటాలు పెట్టిన వలయంలో కొయ్య కుర్చీల మీద కూర్చున్నారు. ఇత్తడి కొక్కెం ఉన్న పొడవాటి కర్ర పట్టుకుని న్యాయస్థానపు బంట్రోతు లేచి, ఒక్కొక్క కాలువ పేరే పిలుస్తూ, ఆ కాలువ మీద ఫిర్యాదుకు గురైనవారు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మని వలెన్సియా భాషలో కేక వేశాడు. ఆ రోజు ఎవరూ రాలేదు. ఐదారు నిమిషాల్లో సభ ముగిసింది, చూడవచ్చిన జనం చెదిరిపోయారు.

చాలామంది యాత్రికులకు ఇది ఇంతేనా అనిపించవచ్చు. కానీ దాని వెనక ఉన్న పద్ధతిని తెలుసుకుని చూస్తే ఆ ఐదు నిమిషాలే ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైనవని నేను నమ్మకంగా చెబుతాను. ఎవరైనా తన వంతు కానప్పుడు నీరు మళ్లించుకున్నా, కాలువ పూడిక తీయకుండా వదిలేసినా, పక్కవాడి చేలోకి నీరు పొంగనిచ్చినా తగాదా ఇక్కడికి వస్తుంది. వాదనలన్నీ నోటిమాట మీదనే జరుగుతాయి, వకీళ్లు ఉండరు, తీర్పు అక్కడికక్కడే చెబుతారు, దాని మీద పైకోర్టుకు పోవడం లేదు. తగాదా ఏ కాలువదో ఆ కాలువ పెద్ద తీర్పులో పాలుపంచుకోడు. అరబ్బుల పాలనా కాలం నుంచి వెయ్యేళ్లుగా ఈ ఆనవాయితీ సాగుతున్నదని ఆ ఊరివారు చెప్పుకుంటారు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. నేను ఇదంతా అమ్మకు వివరించి చెబుతుంటే, ఆవిడ కటకటాలు పట్టుకుని ఖాళీ కుర్చీల వంక చాలాసేపు చూసింది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీరు వదిలినప్పుడు ఎగువ రైతు ఒకాయన రాత్రిపూట తూముకు అడ్డం వేసుకున్న తగాదా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కాలువ నీరు చూసే లష్కరు దగ్గర మొదలై ఆఫీసులన్నీ తిరిగి, నాన్న పోయిన తరవాత గానీ అది ముగియలేదు. "వీళ్లు ఐదు నిమిషాల్లో ముగించుకుంటున్నారు" అని మాత్రం అన్నది.

ఈ తోటల భూమిని అక్కడ ఓర్తా అంటారు. కాలువకు స్పానిష్ వారు వాడే అసేకియా, బియ్యానికి వాడే అర్రోస్, రెండూ అరబ్బీ నుంచి వచ్చిన మాటలే. 1238లో క్రైస్తవ రాజు జౌమె ఈ ఊరిని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాడు గాని, వారు తవ్విన కాలువలనూ, నేర్పిన వరి సాగునూ వదులుకోలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఊళ్లో చూసే ప్రతిదీ, తినే ప్రతిదీ ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తుంది.

చర్చి నుంచి ఐదు నిమిషాల నడకలో పట్టు వర్తకుల భవనం, లోంహా దె లా సేదా, ఉన్నది. 1482లో మొదలుపెట్టి 1533 నాటికి పూర్తిచేసిన ఈ కట్టడానికి 1996లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. బేరసారాలు జరిగిన పెద్ద సభామంటపంలో, నడుమ నిలిచిన ఎనిమిది స్తంభాలు తాడు పేనినట్లు మెలితిరుగుతూ పైకి లేచి, కప్పు దగ్గర తాటి మట్టల వలె విచ్చుకుంటాయి. గోడల పైభాగాన చుట్టూరా బంగారు అక్షరాలతో లాటిన్ శాసనం ఒకటి నడుస్తుంది. మోసం చేయని, మాట తప్పని, వడ్డీకి డబ్బు తిప్పని వర్తకుడు సిరితో తులతూగి చివరకు పరలోక సుఖం పొందుతాడని దాని సారాంశం. టికెట్టు నామమాత్రమే, ఆదివారం ఉచితం. అరగంట చాలు, కానీ ఆ అరగంట తప్పకుండా కేటాయించండి.

దానికి ఎదురుగానే సెంట్రల్ మార్కెట్టు. ఇక్కడ మేము రెండు గంటలు గడిపాం, ఇంకా రెండు గంటలు ఉండేవాళ్లం. 1928లో ప్రారంభమైన ఈ ఇనుము, గాజు, పింగాణీ పలకల కట్టడం ఎనిమిది వేల చదరపు మీటర్లకు పైగా విస్తరించి ఉన్నది. శిఖరం మీద గాలివాటం చూపే చిలుక బొమ్మ. కట్టడం ఎంత అందమైనదైనా, లోపలి సరుకే నా కంటికి ముందు ఆనింది. చేపల విభాగం విడిగా ఉంటుంది. బతికి ఉన్న ఈల్ చేపలు తొట్లలో మెలికలు తిరుగుతుంటే అమ్మ "మన మలుగుపాములే" అని గుర్తుపట్టింది. గుత్తులుగా వేలాడదీసిన ఎండుమిరపకాయలు, గంపల నిండా బతికున్న నత్తలు, పది రకాల టమాటాలు, కుంకుమపువ్వు పొట్లాలు, గుడ్డ సంచుల్లో బియ్యం. బియ్యం అమ్మే ఒక పెద్దావిడ మాకు మూడు రకాలు చేతిలో పోసి చూపించింది. బోంబా అనే రకం గింజ ముత్యంలా గుండ్రంగా ఉండి, చాలా నీటిని పీల్చుకుని కూడా పగలదు; సేనియా అనే రకం పులుసు రుచిని బాగా పట్టుకుంటుంది గాని, రెండు నిమిషాలు ఏమరితే మెత్తబడిపోతుంది; ఈ రెండు గుణాలూ కలిపి పెంచిన మూడవ రకానికి అక్కడి సరస్సు పేరు మీద ఆల్బుఫేరా అని పేరు పెట్టారు. ఇద్దరికీ ఒకరి భాష మరొకరికి రాదు. అయినా గింజలను వేళ్ల మధ్య నలిపి చూస్తూ, వాసన చూస్తూ వారిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మార్కెట్టు మధ్యాహ్నం మూడింటికే మూసివేస్తారు, ఆదివారం అసలు తెరవరు. వారాంతానికి మాత్రమే వచ్చేవారు శనివారం ఉదయాన్ని దీనికి విడిచిపెట్టుకోవాలి.

ప్రధాన చర్చి లోపల ఏసుక్రీస్తు కడపటి విందులో వాడినదని భక్తులు నమ్మే రాతి పాత్ర ఉన్నది. మిగెలెత్ గంటస్తంభం 207 మెట్లు నేనొక్కడినే ఎక్కాను. పైనుంచి చూస్తే ఊరి గోపురాల నీలి పలకలు ఎండలో మెరుస్తూ కనిపిస్తాయి. సాన్ నికొలాస్ చర్చి కప్పు నిండా ఉన్న కుడ్యచిత్రాలు శుభ్రపరచిన తరవాత 2016లో మళ్లీ జనానికి తెరిచారు. టికెట్టు పెట్టి చూడదగ్గ చర్చి అదొక్కటి చాలని నా ఉద్దేశం. సెర్రానోస్ బురుజుల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. స్పెయిన్ అంతర్యుద్ధం నాటి బాంబు దాడుల నుంచి కాపాడడానికి మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియం చిత్రాలను తెచ్చి దాచింది ఆ మధ్యయుగపు గోడల వెనకనే.

ఇక శుక్రవారం మధ్యాహ్నం. మాల్వార్రోసా సముద్రతీరం దగ్గర 1922 నుంచి నడుస్తున్న కాసా కార్మెలా హోటల్లో రెండు గంటలకు బల్ల ముందుగానే చెప్పి ఉంచుకున్నాం. ఇక్కడ పాయేయాను నారింజ కట్టెల మంట మీద వండుతారు. పాయేయా అన్నది నిజానికి ఆ వెడల్పాటి, లోతు లేని, రెండు చెవుల పెనానికి పేరు. పెనం పేరే వంటకానికి వచ్చింది. అసలైన వలెన్సియా పాయేయాలో రొయ్యలు ఉండవు. కోడి మాంసం, కుందేలు మాంసం, వెడల్పాటి ఆకుపచ్చని బీన్స్, గార్రొఫో అనే పెద్ద తెల్లని చిక్కుడు గింజ, టమాటా, ఎర్ర మిరపపొడి, కుంకుమపువ్వు, ఆలివ్ నూనె, ఉప్పు, నీరు, బియ్యం, అంతే. ఉల్లిపాయ వేయరు. అమ్మ కుందేలు తినదు గనుక, బల్ల చెప్పినప్పుడే కోడి మాంసంతో మాత్రమే చేయమని అడిగాం, వారు సరేనన్నారు. ఇటువంటివి అప్పటికప్పుడు కాక ముందు రోజే చెప్పడం మంచిది.

వంట జరిగే చోటుకు వెళ్లి చూడనిచ్చారు. పెనం నడుమ మాంసం ఎర్రగా వేగాక కూరగాయలు, టమాటా, మిరపపొడి, తరవాత నీరు. ఆ పులుసు బాగా మరిగి రుచి పట్టాక బియ్యాన్ని వెదజల్లి, ఒక్కసారి సర్ది, ఇక గరిటె పెట్టరు. అసలు మర్మం అక్కడే ఉన్నది. మొదట మంట ఎక్కువ, తరవాత తక్కువ, చివరి రెండు నిమిషాలు మళ్లీ ఎక్కువ. చివరి ఆ మంటకు అడుగున బియ్యం నూనెలో వేగి, పెనానికి పలుచగా అంటుకుని కరకరలాడుతుంది. దానిని సొకర్రాత్ అంటారు. పెనాన్ని అలాగే తెచ్చి బల్ల నడుమ పెట్టి, చెరొక కొయ్య చెంచా ఇచ్చారు. అన్నం మందం వేలెడు కూడా లేదు. ఎవరి ముందున్న భాగాన్ని వారు అంచు నుంచి నడుమకు తినుకుంటూ పోవాలి. గింజ గింజ విడిగా, లోపల మెత్తగా, పైన కొంచెం పలుకుగా ఉన్నది; పులుసు రుచి అంతా గింజలోకి వెళ్లి, పెనంలో తడి అన్నదే మిగలలేదు. నారింజ పొగ వాసన మొదట ముక్కుకు తెలుస్తుంది, తరవాత నాలుకకు. అమ్మ చెంచా అంచుతో అడుగు గీరి, గోధుమరంగు చెక్కును నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, "మా అమ్మ ఇత్తడి గిన్నెలో వండినప్పుడు అడుగున మాడు మిగిలితే మేము అక్కచెల్లెళ్లం దానికోసం కొట్టుకునేవాళ్లం" అన్నది. అది ఆవిడకు అరవై ఏళ్ల కిందటి మాట. తరవాత మేమిద్దరం మాట్లాడకుండా పెనం అంతా గీరి తిన్నాం. ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు తక్కువేమీ కాదు, మొదటి రాత్రి కంటే రెట్టింపు దాటింది. ఆ డబ్బుకు నాకు ఏ విచారమూ లేదు.

శాకాహారులు ఒక సంగతి గమనించాలి. కూరగాయల పాయేయా చాలా చోట్ల దొరుకుతుంది, మంచిగానే ఉంటుంది. అయితే దాని పులుసు మాంసంతోనో చేపలతోనో కాచినది కావచ్చు, కనుక నీరు దేనితో కాచారో అడిగి తెలుసుకోవాలి. ఎర్ర మిరప కాల్చి చేసే ఎస్గర్రాయెత్ అనే చల్లని పచ్చడి చూడడానికి శాకాహారంగా కనిపిస్తుంది గాని, అందులో ఉప్పు చేప చీలికలు కలుపుతారు.

అదే రోజు సాయంత్రం మెట్రో 3వ లైనులో అల్బొరాయాకు వెళ్లాం. ఊరు దాటుతూనే కాలువ పక్కన నున్నగా గీసిన ఇసుక నేల మళ్లలో గడ్డిలాంటి పైరు కనిపిస్తుంది. దాని పేరు చుఫా. ఆ గడ్డి వేళ్లకు కాసే చిన్న గడ్డలను నానబెట్టి, రుబ్బి, పిండి, చక్కెర కలిపి చల్లబరిస్తే వచ్చే తెల్లని పాలవంటి పానీయమే ఓర్చాతా. అక్కడ దానియెల్ అనే పేరు మోసిన పాత ఓర్చాతా దుకాణంలో, ఒక సీసాలో నమూనాకు పెట్టిన ఎండు గడ్డలను చూడగానే అమ్మ గట్టిగా నవ్వింది. "ఇది తుంగరా! చేలో పీకి పీకి మా వేళ్లు అరిగిపోయాయి, వీళ్లు దీన్ని పండించుకుంటున్నారా?" నిజమే, చుఫా మన తుంగ కుటుంబానిదే, మన చేలలో ప్రాణాలు తోడే తుంగముస్తెకు దగ్గరి చుట్టమే. రుచి మాత్రం వేరు. పచ్చి కొబ్బరికీ బాదం పాలకూ నడుమ ఎక్కడో నిలుస్తుంది, గొంతు దిగాక కొంచెం మట్టి వాసన. పైన పలుచని చక్కెర పూత ఉన్న ఫార్తోన్ అనే పొడవాటి మెత్తని రొట్టెను అందులో ముంచుకుని తింటారు. పాలు పడనివారు కూడా నిశ్చింతగా తాగవచ్చు. ఊళ్లో సాంతా కాతలీనా దుకాణంలో కూడా మరునాడు తాగి చూశాం. గోడల మీది రంగు పలకల చిత్రాలకు అక్కడ కూర్చోవడం బాగుంటుంది, కానీ పొలాల పక్కన తాగినదే నాకు చిక్కగా తోచింది.

తురియా నది గురించి చెప్పకుండా ఈ ఊరి ముచ్చట పూర్తి కాదు, ఎందుకంటే ఊళ్లో ఇప్పుడు నది లేదు. 1957 అక్టోబరు 14న వచ్చిన వరద ఊరిని ముంచెత్తి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసిన తరవాత, నదిని ఊరికి దక్షిణంగా కొత్త పాయ తవ్వి మళ్లించారు. ఖాళీ అయిన పాత గర్భంలో పెద్ద రహదారి వేయాలని ప్రభుత్వం తలపెడితే, ఆ గర్భం మాది, దానిని పచ్చగా చూడాలనుకుంటున్నాం అని జనం ఉద్యమించారు. జనమే గెలిచారు. ఇప్పుడది దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవున, పాత రాతి వంతెనల కింద నారింజ చెట్లూ, ఈత చెట్లూ, ఆటస్థలాలూ ఉన్న ఉద్యానవనం. కొత్త పాయ ఎంత పని చేసిందో 2024 అక్టోబరు 29న మళ్లీ తెలిసింది. ఆ రోజు కురిసిన కుంభవృష్టికి పాత నగరం చెక్కుచెదరలేదు, కానీ పాయకు దక్షిణాన ఉన్న ఊళ్లు బురదలో కూరుకుపోయాయి, ఆ ప్రాంతంలో రెండు వందల ఇరవై మందికి పైగా మరణించారు. శనివారం బస్సులో దక్షిణానికి వెళుతూ, ఎండిన ఆ వెడల్పాటి కాంక్రీటు పాయను దాటినప్పుడు అమ్మ కొంగు తల మీదికి లాక్కుని ఒక్క క్షణం చేతులు జోడించింది. గోదావరి వరదలు చూసినవారికి దానికి కారణం చెప్పనక్కరలేదు.

ఆ ఉద్యానవనం తూర్పు కొసన కళలు, శాస్త్రాల నగరం అనే కట్టడాల సముదాయం ఉన్నది. ఇదే ఊరిలో పుట్టిన సాంతియాగో కలత్రావా గీసిన తెల్లని ఎముకల వంటి కట్టడాలు నీటి మడుగుల్లో నీడలు పడుతూ నిలబడి ఉంటాయి. మొదటిది 1998లో తెరిచారు. బయటి నుంచి చూడడానికి డబ్బు అక్కరలేదు, సూర్యాస్తమయానికి ముందు గంట చాలు. ఓషనోగ్రాఫిక్ అనే మత్స్యశాలకు టికెట్టు ముప్పై యూరోలకు పైబడి ఉంటుంది, కనీసం సగం రోజు పడుతుంది. పిల్లలు లేకుండా, నాలుగే రోజులు చేతిలో ఉన్నవారు దానిని వదిలేసుకున్నా నష్టం లేదు. శాస్త్ర ప్రదర్శనశాల సంగతీ అంతే.

శనివారం 24వ నంబరు సిటీ బస్సులో ఎల్ పాల్మార్‌కు వెళ్లాం. ఆల్బుఫేరా అన్నది కూడా అరబ్బీ మాటే, చిన్న సముద్రమని అర్థం. సరస్సు చుట్టూ మొదట చెప్పిన వరిచేలు. మేలో విత్తి సెప్టెంబరులో కోస్తారు, చలికాలంలో చేలన్నిటినీ మళ్లీ నీటితో నింపి పక్షులకు వదిలేస్తారు. నున్నగా సున్నం కొట్టిన మట్టి గోడలు, బాగా ఏటవాలుగా దిగిన గడ్డి కప్పు ఉన్న పాత బార్రాకా ఇళ్లు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి ముందు నిలబడి అమ్మ తన పుట్టింటి పాక చూరు ఎంత కిందికి ఉండేదో చేత్తో కొలిచి చూపింది. పడవ షికారు సాయంత్రం పెట్టుకోవాలి. మేము మిట్టమధ్యాహ్నం ఎక్కి ఎండకు బాధపడ్డాం. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం వెల్లుల్లి, మిరపపొడితో చేసే ఈల్ పులుసు. ఒక పళ్లెం తెప్పించుకుని పంచుకున్నాం. రుచికి వంక పెట్టలేను. కానీ ఐరోపా ఈల్ జాతి తీవ్రంగా తగ్గిపోయి అంతరించే ప్రమాదంలో ఉన్నది గనుక మళ్లీ వెళితే నేను దానిని అడగను.

రాత్రి భోజనాల గురించి చెప్పవలసింది తక్కువ. సముద్రం పక్కనున్న కబాన్యాల్ పేటలో 1836 నాటి కాసా మొంతాన్యా హోటల్లో పాత పీపాల మధ్య కూర్చుని ఉడికించిన చిక్కుళ్లు, ఉప్పు చేప ముక్కలు తిన్నాం, హాయిగా ఉన్నది. దాని కంటే నాకు నచ్చింది ఉదయం పదింటికి ఊరివాళ్లు తినే ఎస్మొర్సారెత్. మూరెడు రొట్టెలో ఆమ్లెట్టో మాంసమో పెట్టి, పక్కన ఆలివ్‌లూ, పెంకుతో వేయించిన వేరుశనగకాయలూ ఇస్తారు. కబాన్యాల్‌లోనే మేము కూర్చున్న చిన్న బారులో రోడ్డు పనివాళ్లు, దుకాణదారులు, ముసలివాళ్లు ఒకే బల్ల చుట్టూ చేరి, పల్లీ తొక్కలు బల్ల మీదే పోగుపెడుతూ గంటసేపు కబుర్లాడారు. అది తింటే మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి వేయదు, ఆ వేళకు పాయేయా సిద్ధంగా ఉంటుంది.

వచ్చేటప్పుడు మార్కెట్టులోని ఆ పెద్దావిడ దగ్గర కొన్న రెండు కిలోల బోంబా బియ్యం అమ్మ తన పెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది. మ్యూనిక్ చేరిన మొదటి ఆదివారం వాటిని మామూలు అలవాటు ప్రకారం మూడుసార్లు కడిగి, నానబెట్టి, గంజి వార్చింది. అన్నంలో రుచే లేదు. రెండవ ఆదివారం కడగకుండా, వెడల్పాటి పెనంలో, కోడి పులుసు కొలిచి పోసి, గరిటె పెట్టకుండా పొయ్యి దగ్గరే నిలబడింది. పద్దెనిమిదో నిమిషాన అడుగు నుంచి చిటపట మొదలయింది. "ఇంకొక్క నిమిషం ఆగు" అని నా చెయ్యి పట్టుకుని ఆపి, చెవి పెనం వైపు వంచి విన్నది.